నకిలీ అనని మనిషి

యూనివర్సిటీ మ్యూజియంలో ఒక అటెండరు ఉండేవాడు. ఎవరు నాణెం చేతికిచ్చినా ముందు కళ్లు మూసుకుని, బొటనవేలితో దాని అంచు తడిమేవాడు. "బొమ్మ తర్వాత చూడాలె సాబ్. బొమ్మ మాయ చేస్తది" అనేవాడు.

మా అమ్మ మెడలో వేసుకున్న బంగారు నాణేన్ని ఒకనాడు తార్నాక నుంచి నడిచి అక్కడికి తీసుకుపోయాను. దాని మీద రోమన్ రాజు తల, చుట్టూ అక్షరాలు, పైన తాడుకు బెజ్జం. అక్కడి లెక్చరరు భూతద్దం పెట్టి చూసి నవ్వాడు.

"ఇవి అక్షరాలే కావయ్యా, పిచ్చిగీతలు. నకిలీది" అంటూ నాణెం పెట్టే కవరు మీద ఆ మాట రాయబోయాడు.

"నకిలీ అనకుండ్రి సార్," అన్నాడు అటెండరు. "బంగారం అసలుదే. ఆ కాలంల గీడి అవుసులాయన, బంగారం పని జేసేటాయన, రోము నాణెం చూసి చేసిండు. ఆ లిపి రాదు గదా, బొమ్మ లెక్క గీసిండు. మోసం జెయ్యనీకి గాదు, మెడల ఏసుకోనీకి. రాజు తల నిలువుగ ఉండేటట్టు బెజ్జం కొట్టిండు, సూడుండ్రి."

"నువ్వు ఎంతవరకు చదివినవ్ రా?" అని లెక్చరరు అతన్ని అడిగాడు.

"ఏడు, సార్."

మరుసటి వారమే ఆ అటెండర్ని సైకిల్ స్టాండుకు మార్చారు. డిగ్రీ కాగితం ఒకటుంటే ఎవణ్ణయినా ఎండలో నిలబెట్టవచ్చు ఈ దేశంలో!

ఆయన పోయాడని మొన్న తార్నాక మెట్రో కింద ఎవరో చెప్పారు. నాకు ఏడుపు రాలేదు, ఏమీ రాలేదు. బస్సెక్కి కూర్చున్నాను. నేను బడిలో ఏడో తరగతి దాకా కూడా చదవలేదు. కానీ అలాంటి నాణేల సంగతి పాత పుస్తకాల్లో అప్పటికే చదివి ఉన్నాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ గదిలో నేను నోరు విప్పలేదు.