సంతకం తర్వాత కలిపిన పేరు

ఇది రాసి పెట్టడానికి కారణం ఉంది. సూర్యాపేట గ్రంథాలయంలో నేను చదివిన కంప్యూటర్ పుస్తకాల్లో ఈ సంగతికి ఒక్క పేరానే ఇచ్చారు, అదీ ఇంగ్లిష్‌లో. రేపు మన దిక్కు ఎవరైనా సొంతంగా ప్రోగ్రాం రాసి పక్క ఊరి మిల్లుకు ఇవ్వబోతే నాకు పట్టినట్టు వాళ్లకు చెమటలు పట్టకూడదు.

నేను కాలేజీలో కంప్యూటర్ చదవలేదు. ఫ్యాను కింద కుర్చీ దొరకాలని గ్రంథాలయం తలుపు తీయకముందే వెళ్లి నిలబడేదాన్ని. నా చదువంతా అక్కడిదే, చెప్పుకోవడానికి గర్వంగానే ఉంటుంది. ఆ చదువుతోనే రైస్ మిల్లుల కోసం ఒక ప్రోగ్రాం రాశాను. వడ్ల లోడు కాంటా ఎక్కగానే తూకం, తేమ, రైతు పేరు తీసుకుని చీటీ ఇస్తుంది.

మొదట ఒప్పుకున్నది మిర్యాలగూడలో ఒక మిల్లు యజమాని. ఎక్కించబోతే ఆయన కంప్యూటర్ అడ్డుపడింది. తయారుచేసింది ఎవరో తెలియదంటూ తెర మీద పసుపు పట్టీతో ఒక పెట్టె వచ్చింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

“నువ్వు నా ఎదురుంగనే కూసున్నవ్ గదమ్మా. గిదేంది, నువ్వెవరో ఎర్కలేదంటది?”

గుమస్తా నవ్వాడు. నేనూ నవ్వినట్టు చేశాను. కొత్త వడ్లు వచ్చే నాటికి ఆ పెట్టెలో తయారుచేసినవాళ్ల పేరు కనబడాలని, లేకుంటే పాత ప్రోగ్రామే ఉంచుకుంటానని ఆయన మెల్లగానే చెప్పాడు. నేరేడుచర్ల, హాలియా మిల్లులవాళ్లు ఆయన మాట కోసమే ఆగి ఉన్నారు. ఆయన వద్దంటే నా ప్రోగ్రాం అక్కడితో ఖతం.

దీనికి మందు డిజిటల్ సంతకం. మనం మనమేనని ఒక సంస్థ విచారించి, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో తాళంచెవి పంపుతుంది. దానితో సంతకం పెడితే ప్రోగ్రాం ఎవరిదో కంప్యూటర్ గుర్తుపడుతుంది. విచారణకు ఫోన్ చేస్తామన్నారు. స్నానానికి పోయినా ఫోన్ తలుపు దగ్గరే పెట్టుకున్నాను. కూరగాయలమ్మే మనిషితో బేరమాడుతుంటే మోగింది. చిరునామా చెప్పేటప్పుడు మా వీధి పేరే కాసేపు గుర్తుకు రాలేదు.

టోకెన్ వచ్చాక కోదాడ వెళ్లాను. మా పిన్ని కొడుకు అక్కడ కంప్యూటర్ల షాపు నడుపుతాడు. ఫైళ్లన్నీ ఒకే ఇన్‌స్టాలర్‌గా, అంటే ప్రోగ్రాం ఎక్కించే ఫైలుగా కట్టి, సంతకం పెట్టి, అమ్మకానికి వచ్చిన కొత్త కంప్యూటర్ మీద చూశాం. ఈసారి పట్టీ నీలంగా ఉంది, కింద నా పేరు.

“కంప్యూటరుకి కూడా తెలిసిపోయావుగా అక్కా. ఇంక టీ నువ్వే తాగించాలి,” అన్నాడు.

బస్సులో పోగొట్టుకుంటానన్న భయంతో టోకెన్ అతని బీరువాలోనే పెట్టించాను. ఆ సాయంత్రం ఇంటికి చేరాక మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. తెర మీద, చీటీ మీద మిల్లు పేరు రావాలట. మా దిక్కు మిల్లు పేరు బస్తా మీద, లారీ మీద, చివరికి టీ ఫ్లాస్కు మీద కూడా ఉంటుంది. ఆయన అడగడంలో తప్పు లేదు. పేరు కోసం ఇన్‌స్టాలర్‌లో ముందే ఖాళీ వదిలి ఉంచాను. కట్టేసిన ఫైలుకు నకలు తీసి, దాన్ని తెరిచి ఆ ఖాళీలో పేరు నింపేశాను. మళ్లీ నొక్కి చూసుకోలేదు.

మర్నాడు మిల్లు గేటు బయట ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి. అందరి ముందు ఆ ఫైలు నొక్కాను. పసుపు పట్టీ. ఎవరో తెలియదు.

నా సంతకం రద్దు చేశారా? ఆ విచారణ ఫోన్‌లో ఏదైనా తప్పు చెప్పానా? యజమాని గేటు వైపు చూశాడు. పాత ప్రోగ్రాం తెరవాలా అని గుమస్తా ఆయన్ను అడిగాడు. అంతలో కిటికీ అవతల ఒక బస్తా మీద అతని చూపు పడింది.

“గది కుట్టు ఇప్పిన బస్తా. పక్కకు పెట్టి మళ్ల కాంటా ఎయ్యుండ్రి,” అని కేకేశాడు.

మిల్లులో అది కట్టుబాటు. మూతి కుట్టాక పిడికెడు గింజలు వేసినా పాత తూకం చెల్లదు. నేను చేసింది అదే. సంతకం ఫైలులోని ప్రతి అక్షరం మీదా ఉంటుందని చదివి కూడా, సంతకం పెట్టాక పేరు కలిపాను. మళ్లీ సంతకం పెడదామంటే టోకెన్ కోదాడలో ఉంది. కానీ పేరు కలపకముందటి ఫైలు నా పెన్‌డ్రైవ్‌లోనే ఉంది. అది నొక్కాను. నీలం పట్టీ వచ్చింది.

“గిండ్ల నా మిల్లు పేరు రాదా?” అన్నాడాయన.

“ఇయ్యాల రాదు సార్. మీది కలిపితే నాది పోతది.”

“నా పేరు గోడ మీద ఉన్నది, బస్తాల మీద ఉన్నది. గీడ నీదుండనీ. ఎక్కియ్యి.”

మొదటి చీటీ పైన ఖాళీగా వచ్చింది. గుమస్తా అక్కడ మిల్లు రబ్బరు ముద్ర గుద్ది రైతు చేతికిచ్చాడు.

ఇప్పుడు మిల్లు పేరును సంతకంతో పనిలేని వేరే చిన్న ఫైలులో ఉంచుతున్నాను, ప్రోగ్రాం దాన్ని చదివి చీటీ మీద వేస్తుంది. సంతకం చివరి పని, దాని తర్వాత దేన్నీ ముట్టను. పేర్లు రాస్తే మొహమాటపడే మనుషులు కాబట్టి ఇలాగే చెప్పుకుంటాను: గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ మేడమ్‌కు, ఇంకా టీ బాకీ ఉన్న కోదాడ తమ్ముడికి, గోడ మీది పేరుతో సరిపెట్టుకున్న ఆ పెద్దమనిషికి, ఆ పూట కిటికీలోంచి కేకేసిన గుమస్తాకు నా దండాలు.