అభ్యంతరం చెప్పిన పెద్దమ్మ

మొన్న బుధవారం పొద్దున మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. నేను కనిగిరి ఆసుపత్రిలో నర్సు డ్యూటీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఎదురుచూస్తున్న రోగికి ఇంజెక్షన్ వేశాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. నేను ఈ పనిలో ఉన్నానంటే అది ఆమె చలవే.

వెలిగండ్ల దగ్గర మా ఊరి బడిలో పెద్దమ్మ మధ్యాహ్న భోజనం వండేది. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. గరిటె నిండా పప్పు పోసి "తినండే, కడుపు నిండితేనే అక్షరం ఎక్కుద్ది" అనేది. ఆమెకు చదువు రాదు. కానీ ఏ ఏడు ఎంతమంది ఆడపిల్లలు బడి మానేశారో మిగిలిపోయిన కంచాలు చూసి చెప్పేసేది.

నాకు పదహారేళ్లప్పుడు నాయన పెళ్లి ఖాయం చేశాడు. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పవలెను" అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. ఎవరూ చెప్పరు. అది అడగడానికే గానీ చెప్పడానికి కాదని అందరి నమ్మకం.

మొదటి ఆదివారమే పెద్దమ్మ లేచింది.

"నాకుంది అయ్యగారూ. ఈ పిల్ల పుట్టినప్పుడు నేనే నీళ్లు పోసినా. దీనికి పద్దెనిమిది ఇంకా నిండలా. చట్టం ఒప్పుకోదు."

నాయన ముఖం కందిపోయింది.

"చట్టం వచ్చి నా బిడ్డకు కాపలా ఉంటదా వదినా? ఏటా మూడు నెలలు మిరప కోతలకు పోతాం. దీన్ని ఎవరి దగ్గర ఇడిసిపెట్టి పోవాల?"

చర్చి అంతా నాయన వైపే. నేను తల ఎత్తలేదు.

ఆ వారమంతా వంట అయ్యాక పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పోలీసుల పేరెత్తలేదు. "పిల్లను ఎందుకింత తొందరగా పంపిస్తా ఉండారు?" అని మాత్రం అడిగింది. అందరిదీ నాయన మాటే. "చట్టం రాసినోళ్లు మన గడప తొక్కి ఈ మాట అడిగుంటే, పిల్ల ఉండే చోటు గూడా అందులోనే రాసుందురు" అంది అమ్మతో.

రెండో ఆదివారం ఆమె మళ్లీ లేచింది. ఈసారి ఆమెతో ఐదుగురు తల్లులు లేచారు.

"కోతలప్పుడు ఆడపిల్లలు నా ఇంట్లో ఉంటారు. బియ్యం మీరియ్యండి, కాపలా నాది."

మూడో ఆదివారం ప్రకటన చదవలేదు. నాయనే వద్దన్నాడు. ఆ సాయంత్రం సంఘ పెద్దలు కూర్చుని, వయసు కాగితం లేనిదే ఇక ఏ పెళ్లీ ప్రకటించకూడదని తీర్మానం రాశారు. ఎక్కడో ఢిల్లీలో చేసిన చట్టం ఎన్నేళ్లయినా మా ఊళ్లో కాలు పెట్టలేదు. దాన్ని చెయ్యిపట్టి లోపలికి తెచ్చింది ఒక వంటమనిషి.

ఆ ఏడు ఆమె ఇంట్లో తొమ్మిదిమందిమి ఉన్నాం. నాయన మాత్రం చాన్నాళ్లు ఆమెతో ముభావంగానే ఉన్నాడు. నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చిందని.

బుధవారం మధ్యాహ్నం నేను సమాధుల తోటకు చేరేసరికి గుంత సగం తవ్వి ఉంది. తవ్వుతున్నది నాయన. మోకాళ్ల నొప్పులతో మంచం దిగడమే కష్టమైన మనిషి. చుట్టూ ఉన్నవాళ్లు పార ఇమ్మంటే ఇవ్వడం లేదు.

"నా బిడ్డ కోసం నేను లేయాల్సిన చోట ఆమె లేచింది. ఇదన్నా నన్ను చెయ్యనీయండ్రా."

గట్టు మీదికి మట్టి ఎత్తిపోసి, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, నాయన మళ్లీ పార దించాడు.