కోర్టులో మా మాట వినిపించిన లాయరు

మా నార్వేవాళ్ల ఊరు అమెరికాలో, మిన్నెసోటా గోధుమ పొలాల మధ్య ఉంది. ఆండెర్స్ త్వెయిటెన్ గారు మాలాగే ఓడలో వచ్చినవారే. మొదట్లో రంపపు మిల్లులో దుంగలు మోశారు, ఇంగ్లీషు నేర్చుకుని లాయరయ్యారు. యాస మాత్రం చివరిదాకా మాదే.

మా ఆయన జ్వరంతో పోయిన ఏడాది, పక్క పొలం డాబ్నీ మా ఏటివైపు పొలం చెక్క తనదేనని కోర్టుకెక్కాడు. నాకు ఇంగ్లీషులో 'యెస్' ఒక్కటే వచ్చు. వాళ్ల లాయరు ఏదడిగినా మర్యాదకు అదే అంటూ పోయాను. నా నోటితోనే నా పొలం వదులుకుంటున్నానని తెలీదు.

అప్పుడు నా తరఫున త్వెయిటెన్ గారు లేచారు. జడ్జి అనుమతి తీసుకుని నన్ను ఇంగ్లీషులో ఏదో అడిగారు. "యెస్" అన్నాను. కోర్టంతా గొల్లున నవ్వింది. ఈ దేశానికి అధ్యక్షురాలివి నువ్వేనా అని అడిగారట. నా ముఖం కందిపోయింది. ఆయన దగ్గరికొచ్చి మా భాషలో, "నవ్వించినందుకు ఏమనుకోకు గున్‌హిల్డమ్మా. నీకేం తెలీడం లేదని వీళ్లకి తెలియాలి కదా" అన్నారు.

జడ్జి నవ్వలేదు. ఆ సాక్ష్యం కొట్టేసి, దుబాసీని పెట్టి మళ్లీ అడిగించాడు. పొలం నిలిచింది.

ఆ తర్వాత మావాళ్లు పట్టుబట్టి ఆయన్ని శాసనసభకు పంపారు. భాష రానివాళ్లకు కోర్టే దుబాసీని ఇవ్వాలని ఆయన చట్టం ప్రతిపాదిస్తే, "ముందు మీకో దుబాసీని పెట్టాలేమో" అని ఒక సభ్యుడు వెక్కిరించాడట.

"పెట్టండి. లాయర్ని, నాకే కావాల్సొస్తే, ఆవుల్ని పితుక్కునే ఆడమనిషి గతేంటి?" అన్నారట ఈయన.

మొదటిసారి ఆ చట్టాన్ని ఓడించారు. మరుసటేడు నెగ్గింది. రైలు కంపెనీ అడిగిన భూములు ఇవ్వడానికి సభలో ఒప్పుకోలేదని, తర్వాతి ఎన్నికల్లో కంపెనీవాళ్లు ఆయన్నే ఓడించారు. పలకరించడానికి రొట్టె, వెన్న పట్టుకెళ్లి, బాధగా లేదా అన్నాను. "బాధెందుకమ్మా, పనైపోయిందిగా. కాఫీ తాగి వెళ్లు" అన్నారు.

పోయిన చలికాలం ఆయన కన్నుమూశారు. నేల రాయిలా గడ్డకట్టింది. మా మగవాళ్లు రోజంతా మంటలు వేసి, నేల కరిగించి గొయ్యి తవ్వారు. ఎవరూ కబురు పెట్టకపోయినా, మాలాగే ఇంగ్లీషు రాని పక్క ఊళ్ల జర్మన్లు కూడా పారలు పట్టుకుని వచ్చారు.