అల్వాల్ దాటి టమాటా మడికి, ఫ్లాస్కులో మందుతో

మా చిలకలగూడ గదిలో నేను తప్ప అందరూ సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరిపోయారు. "నువ్వూ చేరవే, మొక్కలతో ఎన్నాళ్లు?" అని రోజూ ఒకటే పోరు. నేను మొండికేశాను. టమాటా ఆకును పురుగు కొరికితే, మొక్క ఒక చిన్న ప్రోటీన్ ముక్కను వదిలి మిగతా ఆకులకు జాగ్రత్తపడమని కబురు పంపుతుంది. ఆ ముక్కే పెప్టైడ్. ఆ కబురేదో మనమే ముందుగా అందిస్తే పురుగు తగ్గుతుందా అన్నదే నా పరిశోధన. ల్యాబ్ కుండీల్లో ఆశ కనిపించింది. పొలంలో తేలకపోతే ప్రాజెక్టు మూసేస్తామని మా సారు చెప్పేశారు. అందుకే ఈ ప్రయాణం.

పొద్దున్నే మోండా మార్కెట్లో చేపలమ్మే ఆవిడ దగ్గర ఐసు కొని (పది రూపాయలకే బోలెడిస్తుంది) ఫ్లాస్కులో పెప్టైడ్ మందు సీసా చుట్టూ దట్టించాను. స్టేషన్ దగ్గర అల్వాల్ బస్సు ఏడున్నరలోపు ఎక్కితే సీటు దొరుకుతుంది. అక్కణ్నుంచి షేర్ ఆటో. డ్రైవరు ఫ్లాస్కు చూసి "చాయ్ ఎవరికి మేడం?" అన్నాడు. "టమాటాలకి," అన్నాను. పగలబడి నవ్వాడు గానీ గుంతల దగ్గర మెల్లగానే పోనిచ్చాడు.

పొలం యాదమ్మది. సగం నారు వేర్లను మందునీళ్లలో ముంచి నాటాలి, మిగతా సగం మామూలుగా నాటాలి. నేను తొట్టినీళ్లలో మందు కలిపి, బోరు దగ్గర మొహం కడుక్కొని వచ్చేసరికి ఆవిడ కట్టలన్నీ తొట్టిలో ముంచేసింది. పోల్చి చూడటానికి ముంచని మొక్క ఒక్కటీ మిగల్లేదు.

"అన్నీ ఎందుకు ముంచేశారమ్మా?" ఏడుపొక్కటే తక్కువ.

"ఏందీ బిడ్డా, పంక్తిల కూసున్నోళ్లల్ల సగం మందికి వడ్డించి, సగం మందిని ఉత్తగ లేపుతమా?"

కోపం తన్నుకొచ్చింది. కానీ పంక్తిలో తేడా చూపిస్తే మా అమ్మా ఒప్పుకోదు. అయినా ఉత్తచేతులతో బస్సెక్కేది లేదనుకున్నాను. ఆవిడ తోడికోడలి పొలంలో అదే విత్తనంతో అదే రోజు పోసిన నారు మిగిలి ఉందట. ముంచిన కట్టల్లో సగం అక్కడిచ్చి, బదులుగా దాన్ని తెప్పించాను. వీటిని ఉత్త నీళ్లలోనే ముంచుతానని యాదమ్మకు దాచకుండా చెప్పాను.

"మరి వీటిని పురుగు తింటే?"

"తింటేనే కదమ్మా, మందు పనిచేసిందని తెలిసేది."

యాదమ్మ మొహం మాడ్చుకుంది. ఆఖరి మొక్క నాటాక ఆ ఉత్త నీళ్ల వరస మొదట్లో ఒక కట్టె పాతింది. "నువ్వెప్పుడొచ్చినా ముందుగాల వీటి కాడికే రావాలె. పస్తు వెట్టినోళ్లే పలకరియ్యాలె."

తిరుగు బస్సులో ఆ మాటే మనసులో మెదిలింది. ఇన్నాళ్లూ గెలవాల్సిన మొక్కల గురించే ఆలోచించాను. ఓడిపోవడానికే నాటిన వరస లేకపోతే నా గెలుపును ఎవరూ నమ్మరు. మీరూ ఇలా ప్రయోగానికి పొలం వెళ్తుంటే ఉత్త నీళ్లకు రెండో తొట్టి తప్పక పట్టుకెళ్లండి, ఏ మొక్కను దేంట్లో ముంచుతారో పొలంవాళ్లకు ముందే చెప్పండి. నేను గురువారం మళ్లీ వెళ్తున్నాను. ముందు ఆ పస్తు వరస దగ్గరికే.