రద్దీ లేని లాకు

మా లాకు సూపరింటెండెంటు గారు పోయారు. మొన్న పొద్దున్నే లస్కరు నా గుమాస్తా గది గుమ్మంలో నిలబడి, "అయ్యగారు లేరండి బాబూ" అన్నాడు. జ్వరంలోనూ పనికి వచ్చిన మనిషి కదా, నేను నమ్మలేదు.

ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ మీద పడవలో వెళ్లినవారికి కూడా ఆయన గుర్తుండరు. నీటి మట్టం మార్చి పడవల్ని ఎక్కించి దించే మా లాకు దగ్గర ఎవరికీ ఆలస్యం కాలేదు మరి. ఆయన చేసిన పనంతా అదే.

ఆయన రాకముందు ఎగువకు పోయే పడవలన్నీ దాటాకే దిగువకు వచ్చేవాటికి వంతు. మధ్యలో పడవ నిలిచే లాకు తొట్టి ఉత్తినే నింపడం, ఉత్తినే ఒంపడం. ఆయన వచ్చి పైకొకటి, కిందికొకటి అన్నారు. "ఎలాగూ నీళ్లు నిండాయి కదండీ, ఉత్తినే ఒంపడం ఎందుకండీ?" అనేవారు. లాకు తలుపులు తిప్పే లస్కర్లను కూడా అండీ అనే మనిషి.

దాంతో గట్టు మీద వంతు కోసం ఆగినవాళ్ల వంట పొగలు పోయాయి, పడవవాళ్ల తిట్లు పోయాయి. ఆయన ప్రమోషనూ పోయింది. తనిఖీకొచ్చిన దొర గట్టు ఖాళీగా ఉండడం చూసి, ఇక్కడ పనే లేదని లస్కర్లను తగ్గించాడు. ఈయనకు రావలసిన రాజమండ్రి ఉద్యోగం ఎగువ లాకు సూపరింటెండెంటుకిచ్చారు. అక్కడ పడవలు బారులు తీరి ఉంటాయి, ఆయన గొంతు చించుకుంటూ ఉంటారు. కష్టపడుతున్నట్టు కనబడుతుంది.

మళ్లీ తనిఖీ అన్నప్పుడు పడవలు నడిపే సరంగులే ఆయన దగ్గరికి వచ్చారు. "దొరగారు వచ్చేదాకా గట్టు పొడుగునా మేమే ఆగిపోతామండి. తమకి రాజమండ్రి ఖాయం."

ఆయన భార్యకి, అదే మా అమ్మగారికి, ఆ ఊరంటే ఆశ. గట్టు మీద ఒంటి కొంప, పలకరించే గొంతు ఉండదు. ఆయన ఒకసారి ఇంటివైపు చూశారు.

"వద్దండి. ఆగడం అలవాటైతే మళ్లీ కదలరండి."

"అడగందే అమ్మైనా పెట్టదండీ" అన్నాను విసుగ్గా. ఆయన నీరసంగా నవ్వి లాకు వైపు వెళ్లిపోయారు. ఆ దొర మీద నా కోపం ఇంకా తగ్గలేదు.

మొన్న ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు తలుపులు తీయమని ఎవరూ అడగలేదు. ఎగువనా దిగువనా కంటికి ఆనినంత మేర పడవలు ఆగి ఉన్నాయి. వాటిలోని ఆడవాళ్లు గట్టెక్కి అమ్మగారి చుట్టూ కూర్చున్నారు.

"ఇన్నాళ్లకి ఇరుగూ పొరుగూ వచ్చారమ్మా" అన్నారావిడ. ఆ తర్వాత కాలువ వైపు చూసి, "ఇక పడవలు వదిలెయ్యండి బాబూ, ఆయన ఒప్పుకోరు" అన్నారు.

లస్కర్లు లేచారు. పైకొకటి, కిందికొకటి.