పైవాటాలో పైలట్

హైదరాబాద్ పక్క ఇబ్రహీంపట్నంలో ఇళ్ళస్థలాల వెంచర్లు పుట్టుకొస్తున్న రోజులవి. మోసగాళ్ళూ ఎక్కువే. అందుకే మా ఇంటి పైవాటాలో అద్దెకున్న కోస్తా ఆయన తాను పైలట్‌నంటే మా బాపు నమ్మలేదు. "పైలట్ అయితే గీడెందుకుంటడు?" అని ఖాళీ చెయ్యమన్నాడు.

ఆ వారమే నేనెక్కిన ఢిల్లీ విమానంలోకి ఆయన అందరికంటే చివర వచ్చి, వెనక వరుసలో నా పక్కన కూర్చున్నాడు. యూనిఫాం కనబడలేదు, స్వెటర్ వేసుకున్నాడు. దొంగ దొరికాడనుకున్నాను.

"మీరు నడపరా?" అన్నాను.

"ఈరోజు డ్యూటీ లేదండి. టికెట్ కొన్నవాళ్ళ తర్వాత మిగిలితేనే మా స్టాఫ్‌కు సీటు."

అంతలో ఆలస్యంగా ఒకామె పరుగున వస్తే, లేచి సీటిచ్చి ముందుకు నడిచాడు. కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది. "మా వెనక సీటు ఖాళీయే, రండి కెప్టెన్," అన్నారు లోపలినుంచి.

దిగగానే బాపుకు ఫోన్ చేసి చెప్పాను.



"ఆయన భార్య పైన సామాన్లు కడుతున్నది. జర ఫోన్ పెట్టు, పోయి వద్దని చెప్త," అన్నాడు.