సంచిలో ఒక్క నిమ్మకాయ

మా టీచరమ్మ పోయిన వార్తను నాకు ఆమె రాసిన ప్రోగ్రామే తెచ్చింది. పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. ఎప్పుడూ "నీళ్ళు వస్తాండాయి, బిందెలు పెట్టుకోండి" అని వచ్చే చోట ఈసారి వాళ్ళ తమ్ముడు పంపిన రెండే వాక్యాలు.

సత్యనారాయణపేటలో మా ఎదురిల్లు ఆమెది. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాక ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని, నాలాంటి ముసలివాణ్ణి కూడా విద్యార్థిగా చేర్చుకున్నారు. నేను బడి మొహం చూసింది తక్కువ. కంటోన్మెంట్‌లో టైపు మిషన్ ముందు కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఆ మిషన్ మహా నిజాయితీ గలది. రెండు అక్షరాలు ఒకేసారి కొడితే కడ్డీలు పెనవేసుకుని అక్కడే ఆగిపోయేది. కంప్యూటరుకు ఆ బుద్ధి లేదని నాకు తెలిసింది టీచరమ్మ చేసిన పొరపాటు వల్లే.

మా వీధికి కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికీ, వాల్వు తిప్పే ఆయనకీ మాత్రమే ఎరుక. ఆయన టీచరమ్మకు ఫోన్ చేసేవాడు. ఆమె పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషలో రాసుకున్న చిన్న ప్రోగ్రాము ఇంటింటికీ మెసేజి పంపేది. ఇంటికి ఒక నంబరు చాలంటే మావాళ్ళు వింటారా? "ఎందుకైనా మంచిది, మా ఆయనది గూడా రాసుకో టీచరమ్మా" అని రెండేసి ఇచ్చారు. వాటిలో మొదటి నంబరుకు పంపమని ఆమె రాశారు. అందరికీ వెళ్ళింది.

వెనక సందులో జీన్స్ ప్యాంట్లు కుట్టే కుట్టక్కకు తప్ప. ఒంటరి మనిషి, ఒకటే నంబరు. ఒకరోజు ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏం టీచరమ్మా, అడిగేటోళ్ళు లేరని నన్ను వీధిలోంచి తీసేస్తిరా?"

టీచరమ్మ మొహం చిన్నబోయింది. "లేదమ్మా, నీ నంబరు ఉండాది. యాడ తప్పిందో చూస్తా, కూకో."

తన డ్రమ్ములోంచి ఆ బిందె నింపి, కంప్యూటరు ముందు కూర్చున్నారు. కాసేపటికి నన్ను కేకేశారు.

"ఈడ చూడప్పా. రెండు నంబర్లున్నోళ్ళవి సంచిలో వేసినట్ల పెట్టినా. ఈమెది ఒకటే కదాని ఉత్తగా పెట్టినా. సంచిలో మొదటిది తియ్యమంటే ఏం తీసిందో తెలుసా? ఆ నంబరులో మొదటి అంకె. ఉత్త తొమ్మిది!"

"సంచి లేకపోతే ఆగిపోవాల కదా?"

"ఆగదు. సంచి యాడుండాదమ్మా అని అడగను గూడా అడగలే. నంబరును అక్షరాల లెక్కన రాసింటే మొదటిది తుంచిస్తాది. వట్టి సంఖ్యనో, ఏమీ లేనిదాన్నో పెట్టింటే ఖాళీ చెయ్యి చూపిస్తాది. కొత్త పీహెచ్‌పీల్లో దానికి కొంచెం గొణుగుతాది లే. గొణిగితే ఎవురు వింటారు?"

మా ఇంట్లో నా గొణుగుడు గతీ అదే.

కుట్టక్క అంతా విని, "అయితే నాకూ ఒక సంచి కుట్టాల్నేమో" అంది.

"నువ్వొద్దు, నేనే పెడతా" అని టీచరమ్మ ఆ ఒంటి నంబరునూ సంచిలో పెట్టారు. మళ్ళీ నీళ్ళొచ్చినప్పుడు కుట్టక్క ఫోను మోగింది. బిందెలు నింపుకుని, జీన్స్ ముక్కలతో కుట్టిన చేతిసంచి ఒకటి తెచ్చి టీచరమ్మ కంప్యూటరు మీద పెట్టింది.

"ఇదో, నీ దానికి సరిపోతాదేమో చూడు!"

టీచరమ్మ అంతగా నవ్వగా నేను చూసింది అప్పుడే.

అప్పట్నుంచి టీచరమ్మ తన చెట్టు నిమ్మకాయ ఒక్కటి ఇవ్వాలన్నా ఆ సంచిలోనే. ఒక్కదానికి సంచెందుకమ్మా అంటే, "ఒంటిదానికే కావాలప్పా. గంపెడున్నవి ఎట్లైనా చేరతాయి" అనేవారు. సంచి తిరిగివ్వడం ఆలస్యమైతే ఎదురింట్లోంచి కేక: "సంచి ఏదప్పా?"

ఆ పొద్దున నేను వీధి దాటి వెళ్ళేసరికి కుట్టక్క నాకంటే ముందే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. గుప్పిట్లోని ఫోను నా వైపు చాపింది.

"నాకూ వచ్చిందప్పా."

అంతకు ముందువారమే టీచరమ్మ నాకు నిమ్మకాయ పంపారు. సంచి ఇంకా మా తలుపు గడియకే వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా, లోపలి ఆ ఒక్క కాయ తలుపును మెల్లగా తడుతోంది.